కారు కుడిచే చమురు: నూరేళ్ల లెక్క



మనవాడు ఎవడైనా కారు కొన్నానని చెప్పగానే ఎదుటివారి నోట వెలువడే మొదటి ప్రశ్న "ఎంతిస్తుంది?" అన్నది. ధర సంగతి, రంగు సంగతి ఆ తరువాత. వ్యాకరణం చెప్పి బ్రతికినవాణ్ణి కనుక ఈ వాక్యం చెవినబడ్డప్పుడల్లా నాకొక ముచ్చట. 'లీటరుకు' అన్న మాట లేదు, 'కిలోమీటర్లు' అన్న మాట లేదు, కర్త కూడా లేదు. అన్నింటినీ అధ్యాహారం చేసుకుని ఎదుటివాడు తడుముకోకుండా "పద్దెనిమిది" అంటాడు. పాడిగేదెను బేరమాడేటప్పుడు మా ఊళ్లో అడిగేదీ ఈ ప్రశ్నే. అక్కడ పూటకు ఎన్ని లీటర్లు ఇస్తుందని, ఇక్కడ లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందని. గేదె మేత లెక్క వేరే వేసుకుంటాం, కారు విషయంలో మేతా పాడీ ఒకే అంకెలో ఇమిడిపోయాయి.

ఆ అంకెకు మనం పెట్టుకున్న పేరు మైలేజీ. మైళ్లను మన దేశం 1956 నాటి తూనికలు కొలతల చట్టంతోనే సాగనంపడం మొదలుపెట్టింది. మైలురాళ్ల మీద కిలోమీటర్లు వచ్చాయి, పాఠ్యపుస్తకాల్లో ఫర్లాంగులు పోయాయి, కాని మైలేజీ మాత్రం నిలిచింది. రూఢి బలం అటువంటిది. ఇక ఇంధనం అన్నది సంస్కృతం. 'ఇంధ్' ధాతువుకు రగిలించడం అని అర్థం. రగిలేది ఏదైనా ఇంధనమే, సమిధ కావచ్చు, పెట్రోలు కావచ్చు.

ఐరోపా వారు ఈ లెక్కను తలక్రిందులుగా వేస్తారు. నూరు కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు తాగుతుంది అన్నది వారి ప్రశ్న. రెండూ ఒకటే కదా అనిపిస్తుంది గాని కాదు. లీటరుకు 8 ఇచ్చే పాత కారును వదిలి 10 ఇచ్చేదానికి మారినవాడొకడు, 20 ఇచ్చేదానిని వదిలి 30 ఇచ్చేదానికి మారినవాడింకొకడు. ఎవరికి ఎక్కువ ఆదా? రెండవవాడికే అని తొందరపడతాం. కాగితం మీద వేసి చూడండి. వెయ్యి కిలోమీటర్లకు మొదటివాడు 125 లీటర్ల నుండి 100కు దిగాడు, ఆదా 25 లీటర్లు. రెండవవాడు 50 నుండి 33 చిల్లరకు దిగాడు, ఆదా 17 లీటర్లకు లోపే. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ అనే ఇద్దరు ఆచార్యులు 2008లో 'సైన్స్' పత్రికలో ఈ భ్రమనే వివరించారు. 2013 నమూనాల నుండి అమెరికాలో కొత్త కార్ల అద్దానికి అతికించే చీటీ మీద నూరు మైళ్లకు ఎన్ని గాలన్లు అన్న అంకెను కూడా వేస్తున్నారు. ఆరవ తరగతి విలోమానుపాతం ఇంతమంది పెద్దలను తికమకపెట్టిందంటే లెక్కల మాస్టర్లు గర్వపడాలో బాధపడాలో నాకు తెలియదు.

ఇంతకూ కారు పోసిన పెట్రోలును ఏమి చేస్తుంది? అందులోని శక్తిలో సగానికి బాగా మించిన భాగం వేడిగా మారి రేడియేటరు గుండా, పొగగొట్టం గుండా పోతుంది. చక్రాల దాకా చేరేది నాలుగో వంతుకు అటూఇటూ. ఆ చేరినదానితో కారు మూడు పనులు చేయాలి. తన బరువును నిలకడ నుండి కదిలించి వేగం తెచ్చుకోవాలి (బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఆ ఖర్చంతా వేడిగా బూడిదపాలు). నేల మీద అణగి లేచే రబ్బరు టైర్లను దొర్లించాలి. ఎదురుగా ఉన్న గాలిని చీల్చుకుపోవాలి. మొదటి రెండూ బరువును బట్టి పెరుగుతాయి. మూడవది వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అరవైలో పోయే కారు నూట ఇరవైలో పోతే గాలి తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. ఊళ్లో మైలేజీ పడిపోవడానికి బ్రేకులూ, నిలిచి ఉన్నప్పుడు కూడా తిరిగే ఇంజనూ కారణమైతే, పెద్ద రోడ్డు మీద పడిపోవడానికి గాలి కారణం. టైర్లలో గాలి తగ్గడం, పైన సామాను కట్టడం, ఎ.సి. వేయడం ఇవన్నీ ఈ లెక్కలోని ఉపపద్దులు. వీటి గురించి పత్రికల వారు ఏడాదికోసారి వ్రాస్తూనే ఉంటారు గనుక విస్తరించను. నాకు కుతూహలం కలిగించేది వేరు. ఈ సంగతులు మనిషికి ఎప్పుడు తెలిశాయి, తెలిశాక ఏమి చేశాడు అన్నది.

గాలి సంగతి చాలా ముందే తెలిసింది. 1921లో బెర్లిన్ మోటారు ప్రదర్శనలో ఎడ్మండ్ రుంప్లర్ అనే విమాన నిర్మాత ఒక వింత కారును నిలబెట్టాడు. పైనుండి చూస్తే నీటిబొట్టు ఆకారం. పేరు కూడా 'ట్రోప్ఫెన్‌వాగెన్', అనగా బొట్టుబండి. 1979లో ఫోక్స్‌వాగన్ వారు మ్యూజియంలోని ఆ కారును తమ గాలి సొరంగంలో పెట్టి కొలిస్తే గాలి ప్రతిఘటన గుణకం 0.28 తేలింది. ఆ అంకె ఎంత గొప్పదో తెలియాలంటే మరొకటి చెప్పాలి. 1982లో ఆడి 100 అనే కారు 0.30 సాధించి లోకమంతా చాటుకుంది. అరవై ఏళ్ల ముందే దానిని దాటేసిన రుంప్లర్ కార్లు వంద వరకు తయారై, కొన్నాళ్లు టాక్సీలుగా తిరిగి, కనుమరుగయ్యాయి. ఇప్పుడు మిగిలినవి రెండే, మ్యూనిక్‌లో ఒకటి, బెర్లిన్‌లో ఒకటి. అమెరికాలో 1934లో క్రైస్లర్ సంస్థ గాలికి అనువైన 'ఎయిర్‌ఫ్లో' తెస్తే కొనేవారు ముఖం తిప్పుకున్నారు. బండికి ముందు నిటారైన రేడియేటరు, విడివిడిగా మడ్‌గార్డులు ఉంటేనే అందమని వారి అభిప్రాయం. అలవాటుపడిన కన్ను మీద శాస్త్రం గెలవడం కష్టం.

ఇక ఇంజను సంగతి. ఇక్కడే నేను కాసేపు ఆగదలచుకున్నాను, ఎందుకంటే మైలేజీ కోసం జరిగిన పనులన్నింటిలో దీని వెంట వచ్చినంత అనర్థం మరి దేని వెంటా రాలేదు.

సిలిండరులో పెట్రోలు ఆవిరి కలిసిన గాలిని పిస్టను ఎంత గట్టిగా నొక్కితే, అంటించినప్పుడు అదే పెట్రోలు అంత ఎక్కువ పని చేస్తుంది. ఈ నొక్కుడును సంపీడన నిష్పత్తి అంటారు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కారులో అది నాలుగు రెట్ల చుట్టుపక్కల ఉండేది. ఇంకా పెంచుదామంటే పెట్రోలు ఒప్పుకోలేదు. గట్టిగా నొక్కితే సమయానికి ముందే, ఒక క్రమం లేకుండా భగ్గుమని ఇంజనులో సుత్తితో కొట్టినట్లు టకటకలు వచ్చేవి. దీనికే 'నాక్' అని పేరు. మన మెకానిక్కులు కూడా ఇంజను 'నాకింగ్' కొడుతోందంటారు.

అప్పట్లో అమెరికాలో భూమిలోని చమురు త్వరలో అడుగంటిపోతుందన్న భయం బలంగా ఉండేది. 1912లో కాడిలాక్ కారుకు మీట నొక్కితే బయలుదేరే సెల్ఫ్ స్టార్టరును అమర్చిన చార్లెస్ కెటరింగ్ తరువాత జనరల్ మోటార్స్ సంస్థకు పరిశోధనాధిపతి అయ్యాడు. నాక్‌ను ఆపగలిగితే సంపీడనం పెంచవచ్చు, పెంచితే అదే పెట్రోలుతో మరింత దూరం పోవచ్చు అన్నది ఆయన ఆలోచన. ఉద్దేశం మంచిదే. ఆయన వద్ద పనిచేసే థామస్ మిడ్జ్‌లీ ఎన్నెన్నో పదార్థాలు కలిపి చూచి, చివరకు 1921 డిసెంబరు 9న టెట్రా ఇథైల్ లెడ్ అనే సీసపు సమ్మేళనం దగ్గర ఆగాడు. గాలనుకు కొద్ది గ్రాములు చాలు, నాక్ మాయం. 1923 ఫిబ్రవరిలో ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరంలో ఒక బంకులో అమ్మకం మొదలైంది. పేరు 'ఇథైల్'. సీసమన్న మాట ఆ పేరులో లేదు. భాషతో పనిచేసినవాడిగా నేను గమనించేది ఇదే, ఒక వస్తువుకు పేరు పెట్టేటప్పుడు ఏ మాటను వదిలిపెట్టారన్నది.

సీసం విషమని వారికి తెలియదా? రోమను కాలం నుండి లోకానికి తెలుసు. మిడ్జ్‌లీకి స్వయంగా సీసపు జబ్బు చేసి 1923 ఆరంభంలో విశ్రాంతికి ఫ్లోరిడా వెళ్లాడు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే చమురు శుద్ధి కర్మాగారంలో ఈ పదార్థాన్ని తయారుచేసే కూలీలకు మతి చలించింది. లేనిపోనివి కనిపించాయి. కొందరిని కట్టి ఉంచవలసి వచ్చింది. అయిదుగురు మరణించారు, ముప్పైమందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. పత్రికలు దానికి 'పిచ్చి గ్యాసు' అని పేరు పెట్టాయి. ఆ నెలాఖరున మిడ్జ్‌లీ విలేకరులను పిలిచి, వారి కళ్లముందే ఆ ద్రవంతో చేతులు కడుక్కుని, సీసా మూతి దగ్గర నిమిషంపాటు వాసన పీల్చి, చూశారా, ఏమీ కాదు అన్నట్లు నిలబడ్డాడు.

1925 మేలో వాషింగ్టన్‌లో ప్రభుత్వ వైద్యాధికారి ఒక సభ పెట్టారు. అందులో ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు, కర్మాగారాల్లో విషాల గురించి ఆ దేశంలో అందరికంటె ఎక్కువ తెలిసిన వ్యక్తి, ఇది వీధివీధికీ విషం చల్లడమే అవుతుందని వాదించింది. వేసిన కమిటీ కొద్ది నెలలు పరిశీలించి, నిషేధించడానికి తగిన ఆధారం లేదని 1926లో తేల్చింది. దీర్ఘకాలం కనిపెట్టి చూడాలన్న సలహా కూడా అందులోనే ఉంది. ఆ పని ప్రభుత్వం చేయలేదు, పరిశోధన చాలాకాలం ఆ సరుకు అమ్మేవారి చేతిలోనే ఉండిపోయింది.

ఈ ఘట్టంలో మరొక పాత్ర ఉంది. నాక్‌ను ఆపగల పదార్థాలలో ఆల్కహాలు ఒకటని కెటరింగుకూ తెలుసు, మిడ్జ్‌లీకీ తెలుసు. మొక్కల నుండి తీసే మామూలు ఇథనాల్. కాని దానిని ఎంతో కలపాలి, పైగా ఎవరైనా తయారు చేసుకోగలరు, పేటెంటు కుదరదు. సీసం చిటికెడు చాలు, పేటెంటు కుదురుతుంది. ఇథనాల్ ప్రక్కకు తప్పుకుంది. దాని కథ మళ్లీ చివర్లో వస్తుంది గనుక గుర్తుంచుకోండి.

పోనీ, ఇంత చేసినందుకు మైలేజీ అయినా పెరిగిందా అంటే, ఇక్కడే అసలు విచిత్రం. మోడల్ టీ కారు గాలనుకు 13 నుండి 21 మైళ్లు ఇస్తుందని ఫోర్డ్ వారి మాట, అంటే లీటరుకు సుమారు అయిదున్నర నుండి తొమ్మిది కిలోమీటర్లు. 1970ల మొదట్లో, సంపీడనం రెట్టింపు దాటిన తరువాత, అమెరికా కార్ల సగటు గాలనుకు 13 మైళ్ల ప్రాంతంలోనే ఉంది. అరవై ఐదేళ్ల ఇంజనీరింగు ఎటు పోయింది? బరువులోకి పోయింది, అశ్వశక్తిలోకి పోయింది, తోకరెక్కల అలంకారాల్లోకి పోయింది. ఇంజను మిగిల్చిన ప్రతి చుక్కనూ కారు లావెక్కి తాగేసింది. ఆదా చేసే యంత్రం వస్తే వాడకం తగ్గదు, పెరుగుతుందని బొగ్గు విషయంలో విలియం జెవన్స్ అనే ఆర్థికవేత్త 1865లోనే వ్రాశాడు.

అందరూ ఒకే దారిలో పోలేదు లెండి. ఫ్రాన్సులో సిట్రోయెన్ సంస్థకు అధిపతి అయిన పియెర్ బులాంజే 1930లలో తన ఇంజనీర్లకు ఒక కోరిక చెప్పాడు. ఇద్దరు రైతులను, యాభై కిలోల బంగాళాదుంపలను ఎక్కించుకుని, గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో, నూరు కిలోమీటర్లకు మూడు లీటర్లకు మించకుండా పోయే బండి కావాలన్నాడు. దున్నిన చేను మీదుగా పోయినా బుట్టలోని గుడ్లు పగలకూడదన్నది మరో షరతు. యుద్ధం అడ్డువచ్చి అది 1948లో గాని బయటకు రాలేదు. అదే 'డ్యు షెవో', 375 సి.సి. ఇంజను, తొమ్మిది అశ్వాల బలం, గుడ్డ కప్పు. పాత్రికేయులు వెక్కిరించారు, కొనేవారు ఏళ్ల తరబడి వరుసలో నిలబడ్డారు. మన అంబాసిడరు కోసం నిలబడ్డట్లే, కాని కారణాలు వేరు. కావ్యానికి ప్రయోజనం ముందు చెప్పాలంటారు మన ఆలంకారికులు. ఆ కారుకు ప్రయోజనం ముందే నిర్ణయమైంది గనుక రూపం దానంతట అది వచ్చింది. మిషెలిన్ వారి రేడియల్ టైరు కూడా ఆ దేశపు వస్తువే, 1946లో పేటెంటు. దొర్లేటప్పుడు తక్కువగా అణగడం వల్ల చమురు ఖర్చు తగ్గించడంలో దానిది పెద్ద చేయి.

యుద్ధమన్నాను గనుక ఒక మాట. పెట్రోలు అసలే దొరకనప్పుడు మైలేజీని కిలోలలో లెక్కించారు. కట్టెలను, బొగ్గును చాలీచాలని గాలిలో మండించి వచ్చే వాయువుతో బండ్లు నడిపారు. రెండున్నర, మూడు కిలోల కట్టె ఒక లీటరు పెట్రోలుకు సాటి. స్వీడన్, జర్మనీ దేశాలలో లక్షల బండ్లు ఇలా తిరిగాయి. మన ప్రాంతంలోనూ అవే బొగ్గు బస్సులు. నేను చూడలేదు, మా నాయనగారు చెప్పేవారు. తెల్లవారుజామున క్లీనరు వెనుకనున్న పొయ్యి వద్ద చక్రం త్రిప్పి త్రిప్పి నిప్పు రాజేయాలి. బస్సు కదలడానికి ముందు ప్రయాణికులు ఒక నిద్ర తీయవచ్చు. మిట్ట వస్తే అందరూ దిగి నడవడమే, కొన్నిచోట్ల తోయడం కూడా. ఆ వాయువుకు పెట్రోలంత సత్తువ లేదు గనుక ఇంజను బలం బాగా తగ్గిపోయేది. "టిక్కెట్టు ఎక్కడానికా, దిగడానికా" అని ఆ రోజుల్లో పరిహాసమట.

1973 అక్టోబరులో పశ్చిమాసియాలో యుద్ధం వచ్చింది. అరబ్బు దేశాలు చమురు తగ్గించాయి. పీపా మూడు డాలర్ల చుట్టూ ఉన్న ధర 1974 జనవరికి పదకొండు డాలర్లు దాటింది. హాలెండులో, పశ్చిమ జర్మనీలో ఆదివారాలు కార్లను నిషేధిస్తే పిల్లలు రహదారుల మీద చక్రాల బూట్లతో ఆడుకున్నారు. మన దేశంలో పెట్రోలు ధర పెంచినందుకు నిరసనగా ఆ నవంబరులో అటల్ బిహారీ వాజపేయి ఎడ్లబండి మీద పార్లమెంటుకు వచ్చారు. అమెరికాలో అధ్యక్షుడు నిక్సన్ 1974 జనవరి 2న చట్టం మీద సంతకం చేసి దేశమంతటా గంటకు 55 మైళ్లు, అంటే 88 కిలోమీటర్ల పైచిలుకు, వేగ పరిమితి పెట్టాడు. గాలి తోపు వేగపు వర్గమన్న సూత్రాన్ని ఒక దేశం శాసనంగా వ్రాసుకున్నదని నాకనిపిస్తుంది. జనం తిట్టుకుంటూనే ఇరవై ఏళ్లు భరించి 1995లో దానిని రద్దు చేయించుకున్నారు.

నిలిచిన చట్టం వేరొకటి. 1975 డిసెంబరులో అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం చేసిన ఇంధన చట్టం ప్రకారం ప్రతి కంపెనీ అమ్మే కార్ల సగటు మైలేజీ 1978కి గాలనుకు 18, 1985కి 27.5 మైళ్లకు చేరాలి. చేరలేమని కంపెనీలు మొత్తుకున్నాయి, ఆపైన దాదాపు చేరాయి. పదేళ్లలో కార్లు బరువు తగ్గాయి, ఇంజన్లు చిన్నవయ్యాయి. తెలివి అంతకు ముందు లేక కాదు, అవసరం లేక. అయితే శాసనకర్తలు ఒక కిటికీ తెరిచి ఉంచారు. రైతుల, పనివారల చిన్న ట్రక్కులకు తేలికైన లెక్క. ఆ కిటికీ గుండా ఏనుగులు దూరాయి. ఎత్తైన కుటుంబ వాహనాలను ట్రక్కుల జాబితాలో చేర్చి అమ్మడం మొదలైంది. ఈనాడు మన వీధుల్లో సగం దారి ఆక్రమించే ఎస్‌యూవీల వంశవృక్షంలో ఆ చట్టానికీ ఒక కొమ్మ ఉంది.

అంకె చట్టమయ్యాక దానిని కొలవాలి కదా. కారును రోడ్డు మీద కాక, రోలర్ల మీద నిలబెట్టి, నిర్ణీతమైన ఆగుడు సాగుడుల వరుసతో నడిపి కొలుస్తారు. గాలి, టైరు నిరోధాలను రోలర్లకు అంకెల రూపంలో చెప్పాలి. చీటీ మీద అంకె ఇంటికొచ్చాక రావడం లేదని అమెరికనులు గోలపెడితే 1985 నమూనాల నుండి ఊరి అంకెను పది శాతం, రహదారి అంకెను ఇరవై రెండు శాతం కోసి ముద్రించారు. 2008 నమూనాలకు ఎ.సి., చలి, అతివేగం కలిపి పరీక్షనే మార్చారు. జపాన్‌లో 2016లో మిత్సుబిషి సంస్థ తన చిన్న కార్ల విషయంలో ఆ నిరోధాల అంకెలనే తక్కువ చేసి చూపినట్లు ఒప్పుకుంది. ఆరు లక్షలకు పైగా కార్లు. ప్రశ్నపత్రం దిద్దే పని విద్యార్థికే అప్పగిస్తే ఏమవుతుందో ముప్పై ఏళ్లకు పైగా బడిలో ఉన్న నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. మన దేశంలోనూ పరీక్షాశాల అంకెకు, రోడ్డు అంకెకు నడుమ దూరం ఉండనే ఉంది.

మన దేశంలో మైలేజీ అన్న మాటకు కారు విషయంలో అర్థం వచ్చింది 1983 డిసెంబరు 14 తరువాత. ఆ రోజు మారుతి 800 మొదటి కార్లు చేతికిచ్చారు. 796 సి.సి., మూడు సిలిండర్లు, బరువు ఆరువందల యాభై కిలోల ప్రాంతం. అంతవరకు రాజ్యమేలిన అంబాసిడరు టన్నుకు పైబడిన శరీరం, 1950ల బ్రిటిష్ రూపం. పదికి అటూఇటూ ఇస్తే యజమాని సంతోషించేవాడు. అందుకే ఆనాటి టాక్సీ డ్రైవర్లు పల్లం రాగానే ఇంజను ఆపి న్యూట్రల్లో జారవిడిచేవారు. ఆ అలవాటు ఇప్పటికీ కొందరిలో ఉంది గాని ఇప్పుడది ప్రమాదమూ, దండుగా కూడా. ఇంజను ఆపితే బ్రేకుకు తోడుండే బలం పోతుంది. పైగా ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చిన కార్లలో గేరులో ఉంచి యాక్సిలరేటరు మీద కాలు తీస్తే పెట్రోలు ధార దానంతటదే ఆగిపోతుంది. న్యూట్రల్లో పెడితేనే ఇంజను తిరగడానికి కొంత తాగుతుంది. కార్బురేటరు కాలపు నీతి ఈ కాలానికి చెల్లదు.

మన ప్రభుత్వమూ 2017 నుండి సగటు లెక్క పెట్టింది, మైళ్లలో కాక బొగ్గుపులుసు గాలి గ్రాములలో. కంపెనీ కార్ల సగటు మొదట కిలోమీటరుకు 130 గ్రాములు, 2022 నుండి 113 గ్రాములు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోలు వస్తుంది కనుక, 113 గ్రాములంటే లీటరుకు ఇరవై కిలోమీటర్ల చుట్టూ అని మన భాషలోకి త్రిప్పుకోవచ్చు.

సీసం సంగతి మధ్యలో వదిలాను. భూమి వయస్సు నాలుగువందల యాభై అయిదు కోట్ల సంవత్సరాలని 1956లో లెక్కగట్టిన క్లెయిర్ ప్యాటర్సన్ అనే శాస్త్రజ్ఞుడికి ఆ పనిలో ఎక్కడ చూచినా సీసం అడ్డుపడింది. గదిలో, నీటిలో, చర్మం మీద. ఎక్కడిదని తవ్వుకుంటూ పోతే కార్ల పొగ దగ్గర తేలింది. మన ఒంట్లోని సీసం సహజమైనది కాదని 1965లో ప్రకటించాడు. పసిపిల్లల మెదడుకు ఆ సీసం చేసే చెరుపు తరువాతి పరిశోధనల్లో స్పష్టమైంది. చివరకు దానిని తరిమినది కూడా దయాగుణం ఒక్కటే కాదు. 1975 నమూనాల నుండి పొగను శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి, సీసం వాటిని పాడుచేస్తుంది. మన నాలుగు మహానగరాల్లో 1995లో కొత్త కార్లకు సీసం లేని పెట్రోలు వచ్చింది, 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతటా సీసం ఆగింది. నేను పాఠాలు చెప్పిన పిల్లలలో చాలామంది బాల్యం ఆ తేదీకి ముందుదే. ప్రపంచంలో కార్లకు సీసపు పెట్రోలు అమ్మిన ఆఖరి దేశం అల్జీరియా, 2021 జూలైలో మానింది. డేటన్ బంకు నుండి అక్కడికి తొంభై ఎనిమిదేళ్లు. మిడ్జ్‌లీ అది చూడలేదు. పోలియోతో కాళ్లు పడిపోయి, మంచం మీద నుండి లేవడానికి తానే అమర్చుకున్న తాళ్ల యంత్రంలో చిక్కుకుని 1944లో మరణించాడు.

ఇక ప్రక్కకు తప్పుకున్న ఇథనాల్. మన బంకుల్లో 2025 నాటికి పెట్రోలులో ఇరవై పాళ్లు అదే. చెరకు, మొక్కజొన్న, నూకల నుండి వస్తున్నది. నాక్ చేయదన్న దాని గుణం నూరేళ్లనాడు ఎంత నిజమో నేడూ అంతే. కాని లీటరు ఇథనాల్‌లోని శక్తి లీటరు పెట్రోలు కంటె మూడో వంతు తక్కువ. అందువల్ల పాత పెట్రోలుకు అమర్చిన కార్లలో ఆరు, ఏడు శాతం మైలేజీ తగ్గవచ్చునని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. కొత్త మిశ్రమానికి తగినట్లు తయారైన కార్లలో ఒకటి, రెండు శాతమే. ఆ ఇంజన్లలో సంపీడనం పెంచుకోగలగడం, అంటే కెటరింగ్ కోరుకున్నదే, నష్టాన్ని కొంత పూడుస్తుంది. పాత కారున్నవాడికి ఆ సదుపాయం లేదు, లీటరు ధరా తగ్గలేదు. మా వీధిలో పన్నెండేళ్లనాటి కారున్న మిత్రులొకరు నిరుడు నెలనెలా పుస్తకంలో వ్రాసుకున్న లెక్క నాకు చూపించారు. పదహారు ఉండేది పదిహేను అయింది. నివేదికలోని శాతం సరిగ్గా అక్కడే ఉంది. "ఎంతిస్తుంది మాస్టారూ అని ఎవరైనా అడిగితే ఇప్పుడు ఏ అంకె చెప్పమంటారు?" అన్నారాయన. ఆ పుస్తకం ఇచ్చి వెళ్లమన్నాను, ఈ వేసవి నెలల అంకెలు కూడా వచ్చాక ఎ.సి. వాటాను విడదీసి చూడాలి.